నమూనా ఆకు

సోమలింగం చేతిలో మొదట ఉన్నవి మూడే. సూరత్‌లోని డిండోలిలో ఎండపొడ తగలని గది ఒకటి, ఎనిమిది మంది వంటకు సరిపోయే పాత ఫ్రిజ్ ఒకటి, చేసే పనేమీ లేని ఆదివారం ఒకటి.

ఒకప్పుడు ఆ గదిలో ఉన్న ఎనిమిది మందీ సిరిసిల్ల వైపు వాళ్లే. మగ్గాల మీద పగటి షిఫ్టు నలుగురు, రాత్రి షిఫ్టు నలుగురు. ఎనిమిది చాపలు ఎప్పుడూ పరిచే ఉండేవి. ఒకరి తర్వాత ఒకరు ఏడుగురు ఊరికి తిరిగిపోయారు. మగ్గం వదిలి కోరా బట్టకు దలాలీ పట్టిన సోమలింగం ఒక్కడే మిగిలాడు.

రెండేళ్ల కింద ఒక ఆదివారం, ఆల్థాన్‌లో నీడ మొక్కలు మాత్రమే అమ్మే ఒక నర్సరీ ముందు నుంచి పోతూ, లోపల తెలుగు మాట విని ఆగాడు. ఫోన్లో ఎవరినో తిడుతున్న ఆ అమ్మాయి సంధ్యారాణి. నర్సరీ ఆమెదే. లింబాయత్‌లో పుట్టి పెరిగిన నేతపనివాళ్ల బిడ్డ.

ఊరికే నిలబడి మాటలు వినడం దలాలీ చేసేవాడికి చేతకాదు. ఏదో ఒకటి బేరమాడాలి. వెడల్పాటి ఆకుల మొక్కను చూపించాడు.

"గిదేంది బిడ్డా?"

"హోస్టా, కాకా. కొండల మీది నర్సరీకెళ్లి తెప్పిస్త. నీడ గావాలె దీనికి. చలికాలం రెండు నెలలు నిద్ర పోవాలె, లేకుంటే మళ్ల లేవది. సూరత్ ఉడుకకు ఆగుతదని గ్యారంటీ ఇయ్య."

"మరెట్ల అమ్ముతున్నవ్?"

"చలి కోసం కొందరు దుంపను ఫ్రిజ్‌ల పెడ్తరట. అంత ఓపిక నీకున్నదా?"

సోమలింగం కోరా బట్ట మందం చూసినట్టు ఒక్కో ఆకునూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రాసి చూశాడు. పలచనివి పక్కకు జరిపాడు. నీలిరంగు కలిసిన దళసరి ఆకుది తీసుకున్నాడు. గంట పట్టింది. మధ్యలో చాయ్ వచ్చింది.

మూడు నెలలకు మళ్లీ వెళ్లాడు. బట్టలో లోపం ఉందంటే నోటిమాట బజారులో చెల్లదు, నమూనా ముక్క చూపాలి. ప్లాస్టిక్ కవర్లోంచి పండిపోయిన ఆకు ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు.

"మాల్ ఖరాబ్."

"అయ్యో! నీళ్లు జాస్తి పోసినవా కాకా?" అంటూ సంధ్యారాణి స్టూలు లాగింది. నీళ్ల నుంచి మట్టికి, మట్టి నుంచి తన తల్లి మోకాళ్ల నొప్పులకు మాట సాగింది. మళ్లీ చాయ్. ఈసారి సన్నటి తెల్ల అంచున్నది ఎంచుకున్నాడు. పెద్ద సంచి మట్టి కూడా.

ఇలా ఆరు ఆకులు ఆ బల్ల మీదికి వచ్చాయి. ఆకుకొక గంట, ఒక చాయ్, ఇంకో మొక్క. మిగతా రోజులు మామూలే. ఒక్క మనిషికి ఎంత కావాలి? చలికాలాల్లో పాలు, కూరగాయలు కూడా ఏ పూటకాపూటే కొనుక్కునేవాడు.

ఈ వానాకాలంలో ఏడో ఆకు తెచ్చాడు. సంధ్యారాణి దాని వైపు చూడనైనా లేదు.

"కాకా, నువ్వు దలాల్‌వా, దాతవా? ఏడుసార్లు మాల్ ఖరాబైతే ఒక్క రూపాయన్న వాపస్ అడగవేంది?"

"నాకు మొక్క గావాలె గని, పైసలేం జేసుకుంట?"

"ఇగ ఇయ్య. నీ పైసలు తింటే నాకు పాపం తగుల్తది. హోస్టాలు కొనేది నువ్వొక్కనివే. తెప్పిచ్చుడే బంద్ జేస్త."

నడుస్తున్న మగ్గం ఠక్కున ఆగినట్టయింది సోమలింగానికి. ఇక ఈ బల్ల దగ్గరికి ఏ పని చెప్పుకొని రావాలి?

"ఒక్కటియ్యి బిడ్డా. గిదే ఆఖరి."

సంధ్యారాణి ఆకును పక్కకు జరిపింది.

"ఒక షర్తు. తప్పు మొక్కదా, నీ రూముదా తేలాలె. అచ్చే ఐతారం నేనే అస్త. వెలుగు సూస్త, గాలి సూస్త. మొక్క నా చేతుల పట్టుకొస్త."

"నా రూముకా? ఆడ సూడనీకి ఏమున్నది?"

"చాయ్ పోస్తవా, పొయ్యవా?"

నాలుగేళ్లుగా ఆ గడప తొక్కుతానన్న మనిషి లేదు. వద్దని చెప్పడానికే నోరు తెరిచాడు.

"పోస్త," అన్నాడు.

శనివారం పని మానుకొని లెక్క చూసుకున్నాడు. రెండేళ్ల బేరంలో మిగిలింది ఒక చుట్టం. కొత్త కప్పులు రెండు కొన్నాడు. నేల కడిగాడు. ఆ తర్వాత, ఒకప్పుడు ఏడుగురు పడుకున్న ఏడు చోట్ల ఒత్తుగా, పచ్చగా పెరిగి కూర్చున్న ఏడు హోస్టాలనూ ఒక్కొక్కటిగా ఎత్తుకెళ్లి మెట్ల కింద దాచాడు.