పదమూడు కిలోలు

యాభై ఒకటో ఏట సైకిలెక్కిన జానుజాక్‌ని చూసి షింకెంట్ ఊళ్లో తోటి టాక్సీ డ్రైవర్లంతా నవ్వారు. "ఏం బాబాయ్, రెండో పెళ్లా?" అని ఏడిపించారు.

అతను వాళ్లకి అసలు సంగతి చెప్పలేదు. చెల్లెలు మెరువెర్త్‌కి క్యాన్సర్‌తో లివర్ పాడైంది. అన్న లివర్లోంచి ముక్క తీసి పెడితే బతుకుతుందన్నారు. కానీ అతని లివర్ నిండా కొవ్వే. ముందు పన్నెండు కిలోలు తగ్గి రమ్మన్నాడు డాక్టరు.

జానుజాక్ అక్కడివాళ్లంతా ఇష్టంగా తినే గుర్రపు మాంసం మానేశాడు. రోజూ పొద్దున్నే కొండదారిలో ఆయాసపడుతూ తొక్కాడు. రెండుసార్లు పడి మోకాళ్లు దోక్కుపోయినా ఆపలేదు. ఐదు నెలల్లో పదమూడు కిలోలు తగ్గాడు.

ఆస్పత్రిలో బరువు చూసిన చీటీ పట్టుకుని నేరుగా చెల్లెలి మంచం దగ్గరికి పరిగెత్తాడు.

"చూశావా! ఇక ఆపరేషనే!"

మెరువెర్త్ అతని చెయ్యి పట్టుకుంది.

"కోప్పడకు అన్నయ్యా. జబ్బు ఒళ్లంతా పాకింది, ఇంక ఆపరేషన్ చేసినా లాభం లేదని మూడు నెలల కిందటే చెప్పేశారు. నీకు చెప్పొద్దని డాక్టర్ని నేనే బతిమాలాను."

"ఎందుకే?"

"నాన్న నీ వయసులోనే గుండె ఆగి పోయాడు. నీ కోసం తొక్కమంటే నువ్వు తొక్కేవాడివా?"