మేడ మీది బొమ్మ

వడియాలు తీద్దామని మేడెక్కిన యాదలక్ష్మి కిరాయి గది కిటికీ దగ్గర ఆగిపోయింది.

లోపల హైమ ఒక్కతే ఉంది. దవాఖానలో పని అని చెప్పి గదిలో దిగిన గుంటూరు వైపు అమ్మాయి.

నీలం గోడ ముందు బల్ల, బల్ల మీద తెల్లగుడ్డలో పసిబిడ్డ బొమ్మ. దాని ఛాతీని బొటనవేళ్లతో నొక్కుతూ ఏదో జపిస్తోంది.

"ఒకటి, రెండు, మూడు, ఊపిరి. ఒకటి, రెండు, మూడు, ఊపిరి."

యాదలక్ష్మి వడియాలు వదిలేసి గబగబా మెట్లు దిగింది. కింద కూతురు నెలలు నిండి ఉంది.

పక్కింటి కిష్టమ్మ వినగానే తేల్చేసింది.

"ఇంకేందక్కా, బాణామతి. కడుపుతోటి ఉన్న పిల్లను ఇంట్ల పెట్టుకొని ఎట్ల ఊకున్నవ్?"

సాయంత్రమే యాదలక్ష్మి మళ్లీ మెట్లెక్కింది.

"గా బొమ్మేందమ్మా?"

"క్లాసు చెబుతున్నానండీ."

"పిల్లలేరి మరి?"

"ఫోన్లో ఉంటారు. ఎక్కడెక్కడి ఊళ్ల నుంచో చూసి నేర్చుకుంటారు."

దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల మధ్య బతికిన మనిషి యాదలక్ష్మి.

"బెంచీల్లేవు, బోర్డు లేదు. బొమ్మ ముంగట క్లాసా? ఎవరికి చెప్తవ్ గీ కథలు?"

"పోనీ మీరూ ఒకసారి చూడండి ఆంటీ. మీ అమ్మాయికి కూడా..."

"నా బిడ్డ పేరెత్తకు. ఆదివారం లోపట రూం ఖాళీ చెయ్యి."

వెళ్లేరోజు హైమ బొమ్మను బట్టల మధ్య మెత్తగా సర్దుకుంది.

ఆటో మలుపు తిరగ్గానే యాదలక్ష్మి గుమ్మానికి నిమ్మకాయలు కట్టింది.

ఆ నెలాఖరున ఎల్‌బీ నగర్‌లోని నర్సింగ్ హోంలో కూతురికి కాన్పయింది.

ఏడుపు వినిపించలేదు.

తలుపు అవతల ఉరుకులు. తర్వాత ఓ నర్సు గొంతు.

"ఒకటి, రెండు, మూడు, ఊపిరి."

యాదలక్ష్మి తలుపు దగ్గరికి ఉరికింది. ఆ బాణామతి ఇక్కడికీ వచ్చిందా? తలుపు నెట్టబోయింది.

అప్పుడే సన్నగా, పిల్లికూనలా బిడ్డ ఏడ్చింది.

నర్సు చెమట తుడుచుకుంటూ బయటికొచ్చింది.

"మనుమడమ్మా. జరసేపు ఊపిరందలే. ఇప్పుడు మంచిగున్నడు."

"నువ్వు చదివింది ఏం మంత్రం బిడ్డా?"

"మంత్రం కాదమ్మా, లెక్క. ఒక డాక్టరమ్మ ఫోన్‌ల నేర్పుతది, మా నర్సులందరం చూస్తం. ఈ నడుమనే ఆపేసింది. రూం పోయిందంట, వేరేది దొరికినంక మళ్ల చెప్తనని మెసేజ్ పెట్టింది."

నర్సు ఫోన్ తీసి చూపించింది.

తెర మీద ముఖం లేదు. రెండు చేతులు, తెల్లగుడ్డలో బొమ్మ, ఆ వెనక యాదలక్ష్మి దగ్గరుండి రంగు వేయించుకున్న నీలం గోడ.