సింగడి ముక్కు

దొడ్డి వాకిట కాపలా కాసే కుక్క సింగడికి నాలుగు రోజులుగా కాలు ఒకచోట నిలవడం లేదు. గూట్లో గుడ్లు ఎవరో పొడిచి తాగేస్తున్నారు. బయటికొచ్చే ప్రతి కోడి నోరూ వాసన చూడాలని కట్టడి పెట్టుకున్నాడు. కానీ తెల్లటి సేతువపెట్ట వస్తే "వెళ్లమ్మా" అనేవాడు. నల్లటి కాకిపెట్ట వస్తే మాత్రం "ఆగవే! నోరు తెరు!" అని మీదికెళ్లేవాడు. ఏనాడూ ఏమీ దొరకలేదు.

"రంగు చూసి ఆపుతున్నావురా," అంది ముసలి గిన్నెకోడి.

సింగడికి ఒళ్లు మండింది. "నేనా? నేను నమ్మేది నా ముక్కునొక్కదాన్నే!"

"అయితే రేపు అందరం బూడిదలో పొర్లి వస్తాం. అప్పుడు చూడు."

మర్నాడు కోళ్లన్నీ ఒకే రంగులో వరస కట్టాయి. ఎవరెవరో తెలియక సింగడు అందరి నోళ్లూ వాసన చూడాల్సి వచ్చింది. మూడో కోడి దగ్గర గుడ్డుసొన వాసన గుప్పుమంది. అది బెదిరి రెక్కలు విదిలిస్తే బూడిద రాలి, తెల్లటి ఈకలు బయటపడ్డాయి.

సేతువపెట్ట గంప కిందికి పోయింది. సింగడు ఆ పూట కూడు ముట్టలేదు. ఇక అందరినీ ఒకేలా చూస్తానని గిన్నెకోడికి మాటిచ్చాడు.

తెల్లారి కాకిపెట్ట వాకిటికొచ్చింది. పక్కకు తప్పుకుని దారి ఇద్దామనే అనుకున్నాడు సింగడు. ముక్కు కదిలేలోపే గొంతు గుర్రుమంది. తన గుర్రుకు తానే ఉలిక్కిపడ్డాడు.

"నిన్ను కాదమ్మా, వెళ్లు, వెళ్లు," అన్నాడు కంగారుగా.

అప్పటికే కాకిపెట్ట ఆగిపోయి, నోరు తెరిచి నిలబడింది.