సూదికొస్తే తుపాకీ అడిగింది

ఆగండాగండి, అప్పుడే పేజీ తిప్పేయకండి, ఇది వినే వెళ్లాలి మీరు!

"సూది ఎయ్యమ్మా అంటే తుపాకీ సంగతి అడుగుతాండావే! నువ్వు డాక్టరువా, పోలీసువా?" అంటూ భీమప్ప కుర్చీలోంచి లేచాడు. ఆదోనిలో పిల్లల డాక్టర్ ఉమాదేవి గది అది. భీమప్పది కోసిగి పక్క పల్లె. ఐదేళ్ల మనవడు మహేంద్రని టీకాకి తీసుకొచ్చాడు.

"కూర్చో పెద్దాయనా. పిల్లలున్న అందరినీ అడుగుతా. పురుగుల మందు యాడ పెడతారు, తుపాకీ ఉంటే యాడ పెడతారు అని. సూదులేసి కాపాడుకున్న బిడ్డని ఇంట్లోనే పోగొట్టుకుంటే ఎట్లా?"

"శనక్కాయ చేనికాడ అడివిపందుల కోసరం తెచ్చుకున్న తుపాకీ అది. లైసెన్సుంది. ఎలక్షన్లప్పుడు టేషన్లో అప్పజెప్పి మళ్లా తెచ్చుకుంటాండా. నాకు సెప్తావా?"

"లైసెన్సు నీకుంది. వీడికి లేదు కదా?"

బయట బెంచీ మీద ఎవరో కిసుక్కున నవ్వారు. భీమప్పకి ఇంకా మండింది.

"ఎవురికీ కనపడని తావులో పెట్టినా! వీనికేం తెలుసు?"

ఉమాదేవి వాదించలేదు. పిల్లాడి వైపు వంగి, "తాత తుపాకీ యాడుంది నాన్నా?" అంది.

"అటక మీద, జొన్న మూట ఎనక! డ్రమ్మెక్కితే అందుతాది" అన్నాడు వాడు హుషారుగా. "శానా బరువు."

బరువట! అంటే ఎత్తి చూశాడు! భీమప్ప మెల్లగా కూర్చున్నాడు. మనవడి చెయ్యి తన చేతిలోకి తీసుకుని, ఆ చిన్న వేళ్లు నిమిరాడు.

"ఏం సెయ్యాల్నో సెప్పు తల్లీ."

ఆమె చెప్పింది. తుపాకీలో తూటా ఉంచకూడదు. తుపాకీ ఒక చోట, తూటాలు ఇంకోచోట, రెండిటికీ తాళాలు.

నెల తిరిగేసరికి మనవడికి జలుబని మళ్లీ వచ్చాడు. ఈసారి గుమ్మంలోంచే మొదలుపెట్టాడు.

"ఎమ్మిగనూరులో వెల్డింగ్ సేయించి పొడుగాటి ఇనప పెట్టె తెచ్చినానమ్మా! గోడకు బిగించినా. తూటాలు వేరే డబ్బాలో ఏసి తాళం పెట్టినా. మా పక్కింటి వెంకటేశులుకూ సెప్పినా, వాడూ సేయించుకుంటాండాడు!"

ఒక్క ఇల్లు మాట వింటే చాలనుకుంది ఉమాదేవి, రెండో ఇల్లు కూడా! ఆనందం పట్టలేకపోయింది. "మరి తాళంచెవులు పెద్దాయనా?"

"ఆడే నా తెలివి సూడు! నా కాడుంటే చేన్లో పారేసుకుంటా. మా ఇంటిది సుంకమ్మ యాడ పెట్టిందో దానికే గ్యాపకముండదు. అందుకే నీళ్లు పోసుకున్నా, నిద్రపోయినా ఊడని తావు సూసి కట్టినా" అంటూ మనవడి చొక్కా పైకెత్తాడు.

వాడి మొలతాడుకి రెండు తాళంచెవులు వేలాడుతున్నాయి.

శభాష్ అంటుందని భీమప్ప నవ్వుతూ నిలబడ్డాడు. ఆ డాక్టరమ్మ కుర్చీలో మీరుంటే ఏమంటారు?