ఎనిమిది హెల్మెట్లు

రాక్ బ్యాండు ప్రోగ్రామ్‌కని కొత్తవలస నుంచి నాలుగు బళ్ల మీద ఎనిమిది మందిమి విజయనగరం వెళ్లాం. నేను, మా ఆయన, ఆడపడుచు, ఆమె మొగుడు, మా ఆయన స్నేహితులిద్దరూ వాళ్ల పెళ్లాలూ. మైదానం కిటకిటలాడుతోంది.

గేటు దగ్గర ఆపేశారు. "హెల్మెట్లు, బ్యాగులు లోపలికి తేకూడదు."

ఏడుగురూ నావేపే చూశారు.

"గౌరీ, నువ్వు కాసేపు సామాన్లు సూసుకోవే. అరగంటలో నేనొచ్చి నిన్ను పంపుతాను," అన్నాడు మా ఆయన.

గోడవార కూర్చున్నాను. లోపల డ్రమ్ములు మోగుతుంటే ఒళ్లో హెల్మెట్లు అదురుతున్నాయి. ఏడాదిగా వంటింట్లో నేను పాడుకునే పాట గోడవతల పాడేశారు. జనం గోల పెట్టారు. ఆయన రాలేదు.

అంతా అయ్యాక చెమటలు తుడుచుకుంటూ వచ్చి, ఎవరి హెల్మెట్టు వాళ్లు తీసుకున్నారు. నాది మిగిలింది.

"బయటికి కూడా బాగానే వినపడుంటాది కదా వదినా!" అంది ఆడపడుచు.

ఫోను టింగుమంది. ఆయన ఫేస్‌బుక్‌లో ఫొటో పెట్టాడు. ఏడుగురూ చేతులెత్తి గెంతుతున్నారు. పైన రాశాడు: "నా గౌరికి పుట్టినరోజు కానుక."

బండి స్టార్ట్ చేస్తూ వెనక్కి తిరిగాడు.

"ఏటే, ఇంకా లైకు కొట్టనేదు?"