కిటికీ దుమ్ములో ‘అ’

బస్సు నిడమనూరు దాటిందో లేదో, అక్షిత బుర్ర ఖాళీ అయిపోయింది.

ఇతివృత్తం, సంఘర్షణ, కొసమెరుపు... రాత్రి నోటికొచ్చినవన్నీ తెల్లారేసరికి ఎటో చెక్కేశాయి.

ఇవాళ మిర్యాలగూడలో కథానిక పరీక్ష. సూర్యాపేట, కోదాడ పిల్లలూ వస్తారు. ఫస్టొచ్చిన వాళ్ళు సాయంత్రం స్టేజీ ఎక్కి తమ సొంత కథ చెప్పొచ్చు. అక్షిత కథ ఎప్పుడో సిద్ధం చేసుకుంది. స్టేజీ దొరకడమే ఆలస్యం!

పోయినేడు సగం జవాబులో మరిచిపోయి ఏడ్చుకుంటూ ఇంటికొచ్చింది. ఈసారీ అంతే అయితే ఇక కథల జోలికే పోనని ఒట్టు పెట్టుకుంది.

"కొసమెరుపు అనగా... కొసమెరుపు అనగా..."

"ఏంది బిడ్డా గది?"

పక్క సీట్లో ముసలాయన. భుజాన గొంగడి, ఒడిలో గొర్రెపిల్ల. అది దర్జాగా అక్షిత చేతిలోని గైడు అట్ట నములుతోంది.

"అయ్యో తాతా, పట్టుకో దాన్ని! నాకు పరీక్షుంది!"

"దీన్ని దవాఖానకు తీస్కపోతున్న. పరీక్ష దేని మీద?"

"కథల మీద. నీకు తెల్వదులే."

"మరి చెప్పరాదు?"

గైడులో ఉన్నట్టే గడగడా అప్పజెప్పింది.

"సమజ్ కాలే. ఇంకో తీరుగ చెప్పు."

అక్షిత తల గోక్కుంది. "నీ గొర్రెపిల్ల తప్పిపోయిందనుకో..."

"ఎందుకు తప్పిపోవాలె? వద్దు బిడ్డా!"

"ఊకె అనుకో తాతా! నువ్వు దేవులాడుతున్నవ్. కథ దాని గురించే. అది ఇతివృత్తం. మధ్యల కాలువ అడ్డమొచ్చింది. నీకు ఈత రాదు. దునకాల్నా వద్దా అని లోపల కొట్టుకుంటున్నవ్. గదే సంఘర్షణ."

"దొరుకుతదా మరి?"

"అది చివర్ల చెప్తరు. కొసమెరుపు!"

"ముందే చెప్తే ఏం పోతది?"

గైడులో ఇది లేదు.

"ముందే చెప్తే మజా పోతది తాతా. చివర్ల ఒక్క మాట తెలుస్తది. దాంతోని ముందుదంతా వేరే తీరుగ కనవడ్తది."

"ఇంకో తీరుగ చెప్పు."

చెప్పింది. మళ్ళీ చెప్పింది. చెప్పిన కొద్దీ హుషారెక్కింది. ముందు సీట్ల వాళ్ళు కూడా వెనక్కి తిరిగి వింటున్నారు.

"తాతా, నీకు చదువు రాదా?"

తాత గొర్రెపిల్ల వీపు నిమిరాడు.

అక్షితకు పాపమనిపించింది. "చెయ్యి ఇటియ్యి."

కిటికీ అద్దం నిండా దుమ్ము. తాత చూపుడువేలు పట్టుకొని ‘అ’ దిద్దించింది. ఆ మొరటువేలు బుద్ధిగా కదిలింది.

"వచ్చేసింది! తాతా, నీకు ‘అ’ వచ్చేసింది!"

బస్సంతా నవ్వింది. తాత ఆ అక్షరాన్ని చూసుకొని మురిసిపోయాడు.

"పరేషాన్ గాకు. సెలవుల్ల మిగిలినవన్నీ నేర్పిస్త."

"అట్లనే టీచరమ్మా."

బస్టాండు రాగానే అక్షిత ఒక్క దూకు దూకి పరుగెత్తింది. పోయొస్తనని కూడా చెప్పలేదు.

పరీక్షలో గైడు మాట ఒక్కటీ గుర్తురాలేదు. రాకపోతే ఏం! కాలువ గుర్తుంది, గొర్రెపిల్ల గుర్తుంది, తాత అడిగిన ప్రతి ప్రశ్నా గుర్తుంది. కలం ఆగితే ఒట్టు.

సాయంత్రం మైకు మోగింది. "మొదటి బహుమతి, నిడమనూరు అక్షిత!"

గంతులేస్తూ స్టేజీ ఎక్కింది. పరీక్ష పెట్టిన కోదాడ కృష్ణకుమారి మేడమ్ నవ్వుతూ అడిగింది.

"నీ జవాబుల నిండా గొర్రెపిల్ల ఎక్కడిదమ్మా?"

"బస్సుల ఒక తాతది మేడమ్! పాపం, ఏం తెల్వదు. ‘ఇంకో తీరుగ చెప్పు’ అని ఒకటే అడుగుడు. చెప్పీ చెప్పీ నాకే వచ్చేసింది! ఆయనకు ‘అ’ గూడ రాదు. నేనే దిద్దించిన!"

హాలు గొల్లుమంది. వెనక కుర్చీల్లోని టీచర్లు మాత్రం నవ్వలేదు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"గొంగడి ఉందా?" మేడమ్ గొంతు మారింది.

"ఉంది. మీకెట్ల తెలుసు?"

"మధ్యాహ్నం గేటు దాకా వచ్చారు. నిడమనూరు పిల్ల బాగా రాసిందా అని అడిగారు. లోపలికి రమ్మని ఎంత బతిమాలినా రాలేదు. నీకో మాట చెప్పమన్నారు."

"ఏం మాట?"

"ముందే చెప్తే మజా పోతదని."

అక్షిత నోరు తెరుచుకుంది. "ఆయన ఎవరు మేడమ్?"

మేడమ్ కళ్ళు తుడుచుకొని, వెనకున్న టీచర్లందరినీ చూపించింది.

"రామనర్సయ్య సారమ్మా, ఈ పరీక్ష పెట్టిన మేమందరం ఆయన దగ్గర ‘అ’ దిద్దినవాళ్ళమే."