ఒత్తులకు చోటు

"మళ్ళీ తెగాయి!"

లాంచీలో కిటికీ పక్కన కూర్చున్న అమ్మాయి పైకే అనేసింది.

పొద్దుటి మంచులో నది కనిపించడం లేదు. లాంచీ నీళ్ళ మీద పోతోందో, మబ్బుల్లో పోతోందో తెలియకుండా ఉంది.

ఆమె చేతిలో రెండు ఫోన్లు. రెండింటిలోనూ ఆమె తయారుచేస్తున్న యాప్, పిల్లల కథల పుస్తకం. ఒక ఫోన్‌లో అక్షరాలు నిండుగా ఉన్నాయి. రెండోదాంట్లో ఒత్తులన్నీ సగానికి తెగిపోయి, అక్షరాలు మోకాలి లోతు నీళ్ళలో నిలబడ్డట్టున్నాయి.

ఒక్కసారి రాస్తే అన్ని ఫోన్లలోనూ ఒకేలా కనిపిస్తుందని గొప్పలు చెప్పుకునే యాప్ తయారీ సరంజామా, ఫ్రేమ్‌వర్క్ అది. ఆమె దానికి మొక్కని రోజు లేదు, దాన్ని తిట్టని రోజూ లేదు. ఇక్కడ సరిచేస్తే అక్కడ చెడుతుంది. అక్కడ పట్టుకుంటే వరుసలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి. కొత్త వెర్షన్ వస్తే అంతా బాగుపడుతుందన్నారు. వచ్చింది. నిన్నటిదాకా బాగున్నది కూడా పాడైంది.

మేనేజర్ తేల్చి చెప్పేశాడు.

"శుక్రవారంలోగా కాకపోతే మన భాష తీసేద్దాం. మిగతా నాలుగు భాషలతో వదిలేద్దాం."

ఆ మాట విన్నప్పట్నుంచి ఆమెకు అన్నం సయించడం లేదు. వందల ఫాంట్లలోంచి ఆ అక్షరాలను ఏరి తెచ్చుకుంది తనే. గీసిందెవరో ఎక్కడా రాసిలేదు. ప్రతి తలకట్టూ నిద్రమత్తులో తల వాల్చినట్టు కాస్త ఎడమకి ఒరిగి ఉంటుంది. ఆ ఒరుగుడుకే మనసు పారేసుకుంది.

"కింద వాటికి ఊపిరాడటం లేదమ్మా."

పక్క సీటు పెద్దాయన. సోడాబుడ్డి కళ్ళద్దాలు, ఒళ్ళో మందుల సంచి. పది రోజులుగా ఇదే లాంచీలో అవతలి ఒడ్డున ఉన్న ఆస్పత్రికి వెళ్తున్నాడు. ఆమె భుజం మీంచి ఫోన్‌లోకి తొంగిచూడటమే దారంతా ఆయనకి పని.

"ఏంటండీ?"

"పైనా కిందా చోటు సమానంగా వదిలావు. మన అక్షరాలకి కాళ్ళు పొడుగు. పైన ఒక పాలు వదిలితే, కింద రెండు పాళ్ళు వదలాలి."

ఆమెకు ఒళ్ళు మండింది. ఇంతమంది ఇంజినీర్లు తలలు బద్దలుకొట్టుకుంటుంటే, ఫోన్ పట్టుకోవడం రాని మనిషి పాఠం చెబుతున్నాడు.

"చెప్పినంత తేలిక కాదు తాతగారూ. కాగితం మీద గీతలు గీసినట్టు కాదిది."

"నిజమేలే తల్లీ." ఆయన నవ్వాడు. "ఒక్కసారి ఇటివ్వవూ? దగ్గరగా చూస్తాను. ఒక్క నిమిషం."

"ఆఫీసు పనండీ. ఎవరికీ చూపించకూడదు."

శుద్ధ అబద్ధం. అయినా ఫోన్లు రెండూ ఒళ్ళో బోర్లించేసింది.

మర్నాడు, గురువారం, కావాలనే వెనక సీట్లో కూర్చుంది.

ఆ మధ్యాహ్నానికి తల ప్రాణం తోకకొచ్చింది. చెయ్యని ప్రయత్నం లేదు. చివరికి, ఎవరూ చూడటం లేదు కదా అని, పైన ఒక పాలు, కింద రెండు పాళ్ళు వదిలి చూసింది.

మొదటి ఫోన్ బాగుంది. రెండోదీ బాగుంది. బల్ల మీద పరిచిన పదకొండు ఫోన్లలోనూ అక్షరాలు కాళ్ళు చాపుకుని హాయిగా కూర్చున్నాయి.

"ఎలా చేశావ్?" అన్నాడు మేనేజర్.

"లాంచీలో ఒక తాతగారు చెప్పారు."

"జోకులాపు."

శుక్రవారం ఆమె అందరికన్నా ముందు లాంచీ ఎక్కి, పక్క సీటును సంచి పెట్టి తాతగారి కోసం ఆపి ఉంచింది. ఆయన రాలేదు. శనివారమూ రాలేదు.

సోమవారం వచ్చాడు, కోడలి చెయ్యి పట్టుకుని.

"తాతగారూ, ఇలా రండి!" ఆమె కిటికీ పక్క సీటు ఆయనకిచ్చి, ఫోన్ చేతిలో పెట్టింది. "మీరు చెప్పినట్టే చేశాను. ఇదిగో, ఎంతసేపైనా చూడండి."

ఆయన ఫోన్‌ని తలకిందులుగా పట్టుకున్నాడు.

కోడలు మెల్లగా అంది. "మామయ్యగారికి చూపు పోయిందండీ. శుక్రవారం పొద్దున లేచేసరికి ఇంకేం కనిపించలేదు. ఆస్పత్రికి వెళ్ళడం కూడా ఇవాళ్టితో ఆఖరు."

అమ్మాయికి బుధవారం గుర్తొచ్చింది. ఒక్క నిమిషం అడిగాడాయన. అది కూడా ఇవ్వలేకపోయింది.

"కాళ్ళు తెగటం లేదు కదా తల్లీ?"

"లేదండీ."

"పిల్లలు చదువుతున్నారా?"

"చదువుతున్నారండీ."

"కథ ఏ మాటతో మొదలవుతుంది?"

"చుక్క."

"చుక్క," అన్నాడాయన, ఆ మాట నోట్లో చప్పరిస్తున్నట్టు.

చెయ్యి చాచి తడుముకుంటూ, ఆవిరి పట్టిన కిటికీ అద్దం మీద వేలితో ఆ మాట నెమ్మదిగా రాశాడు. కింద ఒత్తుకు కావలసినంత చోటు వదిలాడు.

అద్దం మీద తలకట్లు రెండూ నిద్రమత్తులో తల వాల్చినట్టు కాస్త ఎడమకి ఒరిగి ఉండటం చూశాక గానీ, ఇన్నాళ్ళూ తన ఫోన్‌లో ఉన్న అక్షరాలన్నీ ఆ వేళ్ళు గీసినవేనని ఆమెకు తెలియలేదు.